కడుపులో పెట్టుకున్నది

అత్తమ్మ పోయిన రెండు నెలలకి నాకు కడుపులో మంట మొదలైంది. 2024 ఫిబ్రవరి. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు సర్ది, కాసేపు నడుం వాల్చి లేచేసరికి రొమ్ము ఎముక కింద అరచెయ్యంత మేర నిప్పు పెట్టినట్టుండేది. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయేది. ఆవకాయ నాలుక్కి తగిలితే చాలు, సాయంత్రం దాకా ముడుచుకుని పడుకోవాల్సిందే. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఊరగాయ లేకుండా ఏ పూటా భోంచేసి ఎరగను.

మాది గూడూరు దగ్గర పల్లె. మామగారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు కాబట్టి ఈ కుటుంబం మద్రాసులోనే పాతుకుపోయింది. నేను ఒక తెలుగు బడిలో పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. 2018లో అత్తమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మింగడం కూడా కష్టమైంది. పలుచటి నీళ్ళు తాగితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయని, అన్నీ మెత్తగా చిక్కగా చేసి చెంచాతో పెట్టమన్నారు. బడి మానేశాను. ఐదేళ్ళు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపుకి పౌడరు, పుళ్ళు పడకుండా ఎయిర్ బెడ్డు, సాయంత్రం నాలుగింటికి రాగి జావ.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు పోతే ఎయిర్ బెడ్డులో గాలి దిగిపోయింది. కొవ్వొత్తి పెట్టుకుని రాత్రంతా ఆమెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఆ రాత్రే ఆమె నోరు ఒక వారగా కదిలించి అడిగింది. మాట ముద్దగా వచ్చేది, అయినా నాకు అర్థమయ్యేది. "అమ్మాయ్, ఆవకాయ రవంత నాలుక్కి రాయవే." నేను రాయలేదు. "పొలమారితే ఈ వానలో ఏ ఆస్పత్రికి పోతాం అత్తమ్మా, పొద్దున చూద్దాం" అన్నాను. మూడో రోజు పోయింది.

వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. "ఆమెకీ విముక్తే, నీకూ విముక్తే." నేను తలూపాను.

ఇక మంట సంగతి. కడుపుకి ఏ బాధొచ్చినా మా ఇంట్లో మొదటి వైద్యం పోపుల పెట్టెలోనే ఉంటుంది. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు. భోజనం అయ్యాక చిటికెడు వాము, రెండు ఉప్పు కల్లు. ఇంగువ, కరివేపాకు వేసిన పలుచటి మజ్జిగ. శొంఠి కషాయం. వీటిని నేను ఈరోజుకీ తక్కువ చేసి మాట్లాడను. అల్లం, శొంఠి కడుపులోని తిండి కిందికి జారడాన్ని కాస్త తొందర చేస్తాయని పరిశోధనలు చేసినవాళ్ళూ చెప్పారు, నాకూ పొట్ట బరువు తగ్గేది. పుదీనా మాత్రం నాకు పడలేదు. కారణం తరువాత తెలిసింది. పుదీనా కండరాన్ని సడలిస్తుంది. పేగుల్లో మెలిపెట్టే నొప్పికి అది మేలే. కానీ అన్నవాహిక కింద ఉండే మూత కూడా కండరమే కదా, అది సడలితే పులుపు పైకి తంతుంది. ఒకే ఆకు ఒకరికి ఉపశమనం, ఇంకొకరికి మంట.

వంటింటి మందులు పూర్తిగా పనిచేయలేదని నాటుమందుల కొట్టుకి వెళ్ళాను. ఈ ఊళ్ళో ఏ పేటకి వెళ్ళినా నాట్టు మరుందు కడై ఒకటి ఉంటుంది. గోనెసంచుల్లో కరక్కాయ, తానికాయ, నేలవేము, సుగంధిపాల వేళ్ళు, లోపలికి అడుగుపెట్టగానే ఆ వాసనకే సగం జబ్బు తగ్గినట్టుంటుంది. కొట్టతను అతిమధురం పొడి ఇచ్చాడు. రెండు పూటలా చెంచాడు. నిజంగా హాయినిచ్చింది. తియ్యగా గొంతులోంచి జారి మంట మీద పాలు పోసినట్టుండేది. అతిమధురానికి కడుపు పుండ్ల మీద గుణం ఉన్న మాట వట్టిది కాదు, 1960లలో దాని నుంచే కార్బెనాక్సొలోన్ అనే అల్సర్ మందు తయారుచేసి వాడారు. ఒక వారానికి అనుకున్నది మూడు నెలలు సాగింది. ఎవరినీ అడగలేదు. వేరు పొడే కదా, ఏం చేస్తుందనుకున్నాను.

జూన్‌లో కాళ్ళు ఉబ్బాయి. మెట్లెక్కితే తొడలు పట్టు తప్పేవి. నాకు నాలుగేళ్ళుగా చిన్న బీపీ మాత్ర ఉంది, దాంతో ఎప్పుడూ 130 దాటదు. ఆరోజు 170 మీద 100 చూపించింది. రక్తపరీక్షలో పొటాషియం 2.9. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. మా వీధి డాక్టరమ్మ మాత్ర పెంచబోతూ ఆగి, "నాటుమందులేమైనా తింటున్నారామ్మా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, అతిమధురం మందనే తోచలేదు నాకు. ఆమె వదలకుండా పొద్దున లేచింది మొదలు ఏమేం నోట్లో వేసుకుంటారో చెప్పమంది. అప్పుడు బయటపడింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఉంటుంది. కలత, ఒత్తిడి ఉన్నప్పుడు పెరిగేది అదే. మూత్రపిండాల దగ్గర దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము ఒకటి కాపలా కాస్తుంటుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఆ కాపలాని పడుకోబెడుతుంది. అప్పుడు కార్టిసాల్ వేరే హార్మోను పని నెత్తికెత్తుకుని ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెడుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. అందుకే వాపు, బీపీ, కాళ్ళలో నీరసం. పొడి ఆపేసి, పొటాషియం సిరప్ తాగితే నెల లోపలే అన్నీ దారికొచ్చాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయే తప్పుతుందని ఆమె అప్పుడు చెప్పలేదు, తగ్గాక చెప్పింది. బీపీ ఉన్నవాళ్ళు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అతిమధురం రోజూ తినకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కషాయాలూ పొడులూ చూర్ణాలూ కూడా మందుల చీటీలాగే చెప్పండి. ఇది చదివేవాళ్ళలో ఒక్కరైనా ఆ పని చేస్తే నాకు సంతోషం.

పొడి ఆపగానే మంట తిరిగొచ్చింది. గొంతులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ చేయించాను. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్ళాలి, గొంతు మొద్దుబారేలా స్ప్రే కొడతారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. భయపడినంత ఏమీ లేదు. పుండు లేదు. అల్సర్‌కి కారణమయ్యే హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి లేదు. స్కాను కూడా బాగుంది. చేసినాయన కాగితం నా చేతిలో పెట్టి, "మీకేం లేదమ్మా, అన్నీ నార్మల్, ఊరికే ఆలోచించకండి" అన్నాడు. ఆ మాటకి మందుల షాపు ముందు నిలబడి ఏడ్చాను. ఏమీ లేకపోతే రాత్రి రెండింటికి నన్ను లేపుతున్నదేమిటి?

మా డాక్టరమ్మే ఇంకొక జీర్ణకోశ నిపుణుడి దగ్గరికి పంపింది. ఆయన కాగితాలు పక్కన పెట్టి ముందు కొన్ని ప్రశ్నలడిగాడు. బరువు తగ్గారా? మలం నల్లగా వస్తోందా? వాంతిలో రక్తం పడిందా? మింగుతుంటే అడ్డం పడుతోందా? వీటిలో ఏది ఉన్నా కథ వేరేగా ఉంటుందట, కషాయాలతో ఒక్కరోజు కూడా కాలయాపన చేయకూడదట. నాకు అవేవీ లేవు. అప్పుడన్నాడు: "మీకు పుండు లేదు. నొప్పి ఉంది. రెండూ నిజమే." దీన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారని చెప్పాడు. కడుపు ఆకారంలో లోపం లేదు, నడిచే తీరులో ఉంది. తిన్నది పట్టుకోవడానికి పొట్ట సరిగ్గా సడలదు, లోపలి నాడులు మామూలు సాగుదలని కూడా నొప్పిగా చదువుతాయి.

పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయట. మనసు తీరుతో ముడిపడ్డ సెరటోనిన్ అనే రసాయనంలో నూటికి తొంభై వంతులు తయారయ్యేది మెదడులో కాదు, పేగుల్లో. మెదడుకీ కడుపుకీ మధ్య వేగస్ అనే పెద్ద నాడి ఉంది. అందులోని తీగల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందికి ఆజ్ఞలు తెచ్చేవి కావు, కిందినుంచి పైకి వార్తలు మోసేవి. ఇదంతా వింటుంటే తెలుగు పంతులమ్మని కాబట్టి నాకు ఒకటే తట్టింది. ఈ సంగతి మన భాషలో ఎప్పుడూ ఉంది. బిడ్డ పోతే కడుపుకోత. పక్కవాడి మేలు చూడలేకపోతే కడుపుమంట. జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది. మనవాళ్ళ తప్పుల్ని కడుపులో పెట్టుకుంటాం. ఇన్నేళ్ళు పిల్లలకి వీటిని జాతీయాలని చెప్పి సొంతవాక్యాలు రాయించాను.

ఇంటికొచ్చి మామగారి పాత బీరువాలోంచి తెలుగు తాత్పర్యం ఉన్న చరక సంహిత తీశాను. విమానస్థానం రెండో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. పథ్యమైన అన్నం, తగిన మోతాదులో తిన్నా సరే, చింత, శోకం, భయం, క్రోధం, పడక సుఖం లేకపోవడం, రాత్రి జాగరణ, వీటి వల్ల అరగదు అని. నా ఐదేళ్ళూ వరసపెట్టి రాసినట్టుంది. పడమటి దేశాల్లో దీన్ని కంటితో చూసిన కథ కూడా తరువాత చదివాను. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకి పేలి కడుపులోకి కన్నం పడింది, గాయం మానినా కన్నం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ కన్నంలోంచి ఏళ్ళతరబడి జీర్ణక్రియని చూస్తూ రాసుకుని 1833లో పుస్తకంగా వేశాడు. మనిషికి కోపం వచ్చినప్పుడు అరుగుదల చెడడం ఆయన గమనించాడు.

డాక్టరు రెండు పనులు చెప్పాడు. రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ ఒకటి. పేరు చూసి మా అమ్మాయి అది డిప్రెషన్ మాత్ర అంది. మూడు వారాలు దాన్ని డబ్బాలోనే ఉంచాను. నాకు పిచ్చెక్కిందని రాసిచ్చాడా అన్న బాధ. మళ్ళీ వెళ్ళి అడిగితే విసుక్కోకుండా చెప్పాడు, డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు దీనికి చాలా రెట్లు ఎక్కువ, ఇంత తక్కువ మోతాదు కడుపులో నాడుల అతి స్పందనని తగ్గించడానికని. వేసుకున్నాను. నోరు ఎండిపోయేది, కానీ నిద్ర పట్టింది. ఆ ఒక్క మాత్రకి నేను రుణపడి ఉన్నాను, ప్రకృతి వైద్యమే అంతా చేసిందని చెప్పుకోను.

రెండోది నోటుపుస్తకం. ఏం తిన్నాను, ఎన్నింటికి, మంట పదికి ఎంత, ఆ సమయంలో ఏం జరుగుతోంది. రెండు వారాలు రాసి చూస్తే తిండితో పొంతనే కుదరలేదు. మిరియాల చారు తిన్న రోజు సున్నా, పెరుగన్నం తిన్న రోజు ఎనిమిది. కుదిరింది గడియారంతో. పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు మంట మూడున్నర, నాలుగున్నర మధ్యనే లేచింది. ఆ గంట చూసి నా చేతులు చల్లబడ్డాయి. అది రాగి జావ వేళ. ఐదేళ్ళు ఆ సమయానికి గిన్నె పట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్న ఒళ్ళు, గిన్నె లేకపోయినా ఆ వేళకి లేచి కూర్చుంటోంది.

అరుంబాక్కంలో అన్నా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాల ఉంది. డాక్టరుకి చెప్పే అక్కడికి వెళ్ళాను. పొట్ట మీద తడిమట్టి పట్టీ ఇరవై నిమిషాలు. చల్లగా, బరువుగా, ఎవరో చెయ్యి వేసినట్టుంటుంది. మట్టిలో ఏ గుణం ఉందో నేను వాదించలేను. ఐదేళ్ళలో నా ఒంటిమీద ఇంకొకరు శ్రద్ధగా చెయ్యి వేసింది మాత్రం అదే మొదటిసారి. అక్కడి అమ్మాయి ఊపిరి నేర్పింది. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, రొమ్ము కాదు పొట్ట లేవాలి. నిమిషానికి ఆరు ఊపిర్లు. వదిలే ఊపిరి పొడుగైతే వేగస్ నాడి గుండెని నెమ్మదింపజేస్తుంది. రోజూ నాలుగింటికి, సరిగ్గా ఆ వేళకే, కూర్చుని చేయడం మొదలుపెట్టాను. ఎనిమిది నాలుగుకి దిగింది. నాలుగు దగ్గర ఆగిపోయింది.

మిగిలిన నాలుగు సంగతి చెప్పాలంటే రాయడం గురించి చెప్పాలి. నోటుపుస్తకం చూసి డాక్టరు ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. ఆమె నన్ను నాలుగు రోజులు వరసగా, రోజుకి పావుగంట, ఎవరికీ చూపించకుండా, తప్పులు దిద్దుకోకుండా రాయమంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయనతోపాటు ఇంకొకరు కాలేజీ పిల్లలతో ఇదే చేయించారట. లోపల దాచుకున్న బాధని రాసినవాళ్ళు ఆ తరువాతి నెలల్లో ఆస్పత్రికి వెళ్ళడం తగ్గిందట. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుందని, భయపడవద్దని ముందే హెచ్చరించింది.

మొదటి రోజు కాగితం మీద అంతా మంచే రాశాను. అత్తమ్మ నన్ను కూతురిలా చూసింది, వగైరా. రెండో రోజు కలం ఆగలేదు. నా బడి గురించి రాశాను. మీరంతా కలిసి నా చేత మాన్పించారని, మాన్పించిన సంగతి కూడా ఎవరూ అనకుండా "నువ్వే మానేశావు" అనిపించారని. ఏడాదికి రెండుసార్లు బెంగళూరు నుంచి వచ్చి, "అమ్మకి వీపు ఎర్రగా ఉంది వదినా" అని చెప్పి రాత్రి బస్సుకి వెళ్ళిపోయే ఆడపడుచు గురించి. మూడో రోజు అత్తమ్మ మీద రాశాను, చచ్చిపోయిన మనిషి మీద అన్ని మాటలు నాలో ఉన్నాయని నాకు తెలియదు. ఆ రాత్రి మంట తొమ్మిదికి వెళ్ళింది. నాలుగో రోజు ఒక్క పేరా రాశాను. కొవ్వొత్తి, వాన, ఆవకాయ. మింగక్కర్లేదు కదా, నాలుక్కి రాసి గుడ్డతో తుడిచేస్తే సరిపోయేది కదా అని రాశాను. పంతులమ్మగా ఎన్ని వేల పేజీలు దిద్దానో, ఆ పేరా మాత్రం రెండోసారి చదవలేకపోయాను.

రాసింది ఎవరికీ చూపించక్కర్లేదనే ఆమె చెప్పింది. నేను మా ఆయనకి చెప్పాను. వంటింట్లో, స్టవ్ వైపు తిరిగి. "ఏమండీ, అత్తమ్మ ఆ తుపాను రాత్రి ఆవకాయ అడిగింది. నేను పెట్టలేదు." చాలాసేపు వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు. తిరిగి చూస్తే గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నారు. "నన్నూ అడిగింది" అన్నారు. "ఆ మర్నాడు. నువ్వొద్దన్నావని చెప్పి నేనూ పెట్టలేదు." ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

ఆ మర్నాటి నుంచి మంట పోయిందని రాస్తే బాగుండేది, పోలేదు. తగ్గడానికి ఇంకో నాలుగైదు నెలలు పట్టింది. నోటుపుస్తకంలో ఒకట్లు, రెండ్లు, మధ్యలో ఒక ఆరు. ఆ ఆరు వచ్చిన రోజు ఆడపడుచు ఫోన్ చేసింది. ఆమెతో కూడా మాట్లాడాలి, ఇంకా మాట్లాడలేదు. 2025 ఏప్రిల్‌లో డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గిస్తూ మాత్ర ఆపేశాను. జీలకర్ర నీళ్ళు తాగుతున్నాను, బాగుంటాయి కాబట్టి. నాటుమందుల కొట్టుకి ఇప్పుడూ వెళ్తాను, కొన్నది ఏదైనా ముందు డాక్టరమ్మకి చూపిస్తాను. వారానికి మూడు సాయంత్రాలు మా వీధి పిల్లలకి తెలుగు చెప్తున్నాను, నాలుగింటికే. ఆ వేళ ఎంచుకున్నది నేనే.

పోయిన ఏడాది మా ఇంట్లో ఊరగాయ పెట్టలేదు. ఈ మే నెలలో కోయంబేడు నుంచి ఆయనే కాయలు తెచ్చారు, పీచు గట్టిగా ఉందో లేదో ఒక్కోటీ కొరికి చూసి మరీ. కొట్టి, తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీకెత్తాను. మూడో రోజు తిరగగలిపి, ఒక చిన్న గిన్నెలో తీసి అత్తమ్మ పటం ముందు పెట్టాను. తరువాత ఆ గిన్నెలోదే వేడన్నంలో కలుపుకుని తిన్నాను. నాలుగు దాటాక కొంచెం మండింది. మూడని రాసుకున్నాను. పిల్లలు వచ్చి కూర్చున్నారు, వాళ్ళకి పాఠమిచ్చి చూసి రాయమని, నేను కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకున్నాను. ఐదున్నరకి వాళ్ళు వెళ్ళేసరికి ఏమీ లేదు. రాత్రి మళ్ళీ కలుపుకున్నాను, ఈసారి ఆయన కంచంలో కూడా ఒక ముద్ద పెట్టాను.